మింగిన తరువాతి సంగతి

ఇంటర్నెట్‌లో చేపల వీడియోలు చూసేవారికి ఆస్టెరోఫైసస్ బత్రాకస్ అనే దక్షిణ అమెరికా జెల్లచేప పేరు తెలియకపోయినా దాని ఘనకార్యం తెలిసే ఉంటుంది. జానెడు పొడవున్న ఒక నల్లని చేప, దాదాపు తనంత పొడవే ఉన్న మరో చేప దగ్గరకు తాపీగా చేరి, నోరు తెరిచి, దాన్ని తనలోకి తీసుకోవడం మొదలుపెడుతుంది. కాసేపటికి ఆ రెండో చేప ఉండదు. మొదటిదాని పొట్ట మాత్రం గుర్తుపట్టలేనంతగా ఉబ్బి కిందికి వేలాడుతూ ఉంటుంది. వీడియో సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. నాకు ఆసక్తి కలిగించేది ఆ తరువాతి భాగం. ఇంచుమించు తనంత ఎరను కడుపులో వేసుకున్న చేప ఎలా ఈదుతుంది, ఎలా శ్వాసిస్తుంది, ఆ ఆహారం లోపలే కుళ్లిపోకముందు దాన్ని ఎలా అరిగించుకుంటుంది? నోటి గురించి అందరూ చెబుతూనే ఉన్నారు కనుక ఇక్కడ పొట్టకు కాస్త ఎక్కువ చోటు ఇస్తాను.

ఆక్వేరియం పెంపకందారులు దీనిని గల్పర్ క్యాట్‌ఫిష్ అంటారు, కొందరు ఓగర్ క్యాట్‌ఫిష్ అని కూడా అంటారు. శాస్త్రీయంగా ఇది ఔకెనిప్టెరిడే కుటుంబానికి చెందినది, తన ప్రజాతిలో ఉన్న ఏకైక జాతి. పూర్తిగా ఎదిగినా దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లే. వీపు ముదురు రంగులోను, పొట్ట తెల్లగాను ఉంటాయి. చర్మానికి పొలుసులు ఉండవు. మూడు జతల మీసాలు ఉంటాయి. తల దగ్గర వెడల్పుగా ఉన్న దేహం తోకవైపు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. నోటి చీలిక కంటిని దాటి బాగా వెనక్కి పోతుంది కనుక, నోరు మూసుకుని ఉన్నప్పుడు కూడా ఇది ఏదో సిద్ధపరుచుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఈ కుటుంబంలోని తక్కిన చేపల్లో చాలావాటికి పురుగులే ప్రధానాహారం, కొన్ని నీటిలో రాలిన పండ్లను కూడా తింటాయి. అటువంటి సాధువైన బంధువర్గంలో ఇంతటి నోరు ఒక్కదానికే ఎలా వచ్చిందన్న ప్రశ్న ఈ చేపను చూసిన ప్రతిసారీ నన్ను వెంటాడుతుంది.

దీనిని 1858లో వర్ణించి పేరు పెట్టినవాడు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ క్నేర్. ఆయన వియన్నాలో కూర్చుని వర్ణించిన బ్రెజిల్ చేపల్లో చాలావాటికి ఆధారం యోహాన్ నాటరర్ సేకరణ. 1817లో ఆస్ట్రియా బృందంతో బ్రెజిల్‌కు వెళ్లిన నాటరర్, తోటివారు తిరిగి వెళ్లిపోయినా తాను మాత్రం 18 ఏళ్లు అక్కడే ఉండి పక్షులను, జంతువులను, చేపలను సేకరిస్తూ పోయాడు. సారాయిలో ముంచిన చేపను చూసి దాని వాజాల (ఈత రెక్కల) ముళ్లు లెక్కపెట్టవచ్చు, పళ్ల అమరిక రాసుకోవచ్చు, కానీ అది బతికున్నప్పుడు ఏం చేసేదో చెప్పలేము. దీని వేట తీరునే ప్రత్యేకంగా పరిశీలించిన పత్రాన్ని బ్రెజిల్ శాస్త్రజ్ఞులు జాన్సెన్ జువానోన్, ఇవాన్ సజీమా 2005లో ప్రచురించారు. క్నేర్‌కూ వారికీ మధ్య దాదాపు 150 ఏళ్లు గడిచాయి. రాత్రిపూట నల్లనీటిలో తిరిగే చేప విషయంలో అది ఆశ్చర్యపోవలసిన ఆలస్యం కాదు.

ఆ నల్లనీటి గురించి కొంత చెప్పుకోవాలి. గల్పర్ నివాసం రియో నెగ్రో, ఎగువ ఒరినోకో నదీ పరీవాహక ప్రాంతాలు, అంటే బ్రెజిల్, వెనిజువెలా, కొలంబియా దేశాలు కలిసే మూల. ఈ రెండు నదులను కాసిక్వియారే అనే సహజమైన కాలువ కలుపుతుంది. 1800లో అలెగ్జాండర్ ఫాన్ హుంబోల్ట్ ఆ కాలువ వెంట ప్రయాణించాడు. రెండు పెద్ద నదులలో ఒకే చేప ఉండటానికి ఆ నీటిదారి కూడా ఒక కారణమై ఉండవచ్చునన్నది సహజంగా తోచే ఆలోచన. రియో నెగ్రో నీరు ముదురు గోధుమ రంగులో ఉండటానికి కారణం మురికి కాదు. ఇసుక నేలల మీద పెరిగిన అడవిలో రాలిన ఆకులు కుళ్లినప్పుడు వెలువడే సేంద్రియ ఆమ్లాలు పూర్తిగా విచ్ఛిన్నం కాకుండా నదిలోకి దిగుతాయి. అందువల్ల ఆ నీటి పీహెచ్ చాలాచోట్ల 4, 5 మధ్య ఉంటుంది, ఖనిజ లవణాలు బహు స్వల్పం. లవణాలు లేనిచోట నాచు, ప్లవకాలు పెద్దగా పెరగవు. అయినప్పటికీ ఈ నదిలో వెయ్యికి పైగా చేప జాతులు ఉన్నాయి. వాటిలో చాలా జాతులను పోషించేది నది కాదు, ఒడ్డున ఉన్న అడవి. పైనుంచి రాలే పురుగులు, పూలు, గింజలు, పండ్లే వాటి ఆహారం.

మనౌస్ నగరం దగ్గర, అంటే రియో నెగ్రో సొలిమోయిస్‌తో (అమెజాన్ ఎగువ భాగానికి బ్రెజిల్‌లో ఉన్న పేరు) కలిసేచోట, వరదకాలానికీ ఎండకాలానికీ నీటిమట్టంలో ఏటా సుమారు 10 మీటర్ల తేడా వస్తుంది. నీరు పెరిగినప్పుడు చేపలు మునిగిన అడవిలోకి చెదిరిపోతాయి, తగ్గినప్పుడు కాలువల్లోకి, మడుగుల్లోకి వచ్చి ఇరుక్కుంటాయి. ఇతర చేపలను తిని బతికే చేపకు ఇలాంటి నదిలో ఆహారం రోజూ సమానంగా దొరకదు. దొరికినప్పుడు ఒక్కసారిగా దొరుకుతుంది, లేనప్పుడు లేదు. గల్పర్ దేహనిర్మాణానికి ఇదే కారణమని నిరూపించగల ఆధారం నా దగ్గర లేదు గాని, ఎదురుపడిన ఎర పెద్దదైపోయిందన్న కారణంతో వదులుకోనక్కరలేని శరీరం అటువంటి చోట ఎంత లాభసాటిదో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు వేట సంగతి. చాలా చేపలు ఎరను పట్టేది పళ్లతో కాదు, నీటితో. నోటి కుహరాన్ని ఒక్కసారిగా విప్పార్చినప్పుడు లోపల పీడనం పడిపోతుంది, బయటి నీరు లోపలికి దూసుకువస్తుంది, ఆ నీటితో పాటు ఎర కూడా వచ్చి పడుతుంది. ఈ పద్ధతి ఎంత సమర్థమైనదో అంత పరిమితమైనది కూడా. లాగే బలం నోటికి అతి దగ్గరలోనే పనిచేస్తుంది, కాస్త దూరమైతే చాలు, అది దాదాపు శూన్యం. నోరు ఎంత వెడల్పైతే నీటి వేగం అంత తగ్గుతుంది కనుక, పీల్చి పట్టే చేపలకు చిన్నగా, గుండ్రంగా ఉండే నోరే మేలు. వీటన్నిటి కంటే పెద్ద చిక్కు బరువు. నీటిలో తేలుతున్న రెండు వస్తువుల్లో ఒకటి రెండోదాన్ని లాగితే రెండూ కదులుతాయి. తేలికైనది ఎక్కువ కదులుతుంది, బరువైనది తక్కువ కదులుతుంది. ఎర తనంత బరువున్నదైతే, దాన్ని తనవైపు ఎంత లాగుతుందో తాను కూడా దానివైపు అంతే జరగవలసి వస్తుంది. ఇంకొంచెం పెద్దదైతే వేటగాడే ఎక్కువ జరుగుతాడు. అంటే తనంత చేపను పీల్చుకుని తినడం అన్నది లెక్క ప్రకారమే కుదరని పని.

గల్పర్ ఈ చిక్కును విప్పుకున్న తీరు నాకు చాలా నచ్చుతుంది. ఎరను నోటిలోకి తెచ్చుకునే ప్రయత్నం మాని, నోటినే ఎర మీదికి తీసుకువెళుతుంది. దిండుకు గలీబు తొడిగినట్టు, తన నోటిని ఎర తలకో తోకకో తొడిగి, తోక ఊపుతూ ముందుకు జరుగుతుంది. ఇందులో మెరుపువేగం లేదు, వెంటాడటం లేదు, కొరకడం లేదు. రాత్రివేళ అడుగున కదలకుండా ఉన్న చేప దగ్గరకు నెమ్మదిగా వచ్చే ఈ ఆకారాన్ని ఆ చేప ప్రమాదంగా గుర్తించినట్టే కనిపించదు. తల నోటిలో పడ్డాక ఎరకు మిగిలిన దారి కూడా విచిత్రమైనది. చేప శరీరం ముందుకు దూసుకుపోవడానికి తయారైనది, వెనక్కి ఈదడంలో దానికి అంత నేర్పు లేదు. బెదిరి తోక కొట్టిందంటే తనంతట తానే మరింత లోపలికి వెళుతుంది.

ఇంత నోరున్న చేపకు పెద్ద కోరలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. దవడల మీద చిన్న చిన్న పళ్లు పట్టీల్లా ఒత్తుగా అమరి ఉంటాయి. వాటి పని కోయడం కాదు, లోపలికి వచ్చినదాన్ని వెనక్కి జారనివ్వకపోవడం. ముక్కలు చేసుకుని తినగలిగిన చేపకు ఎర పరిమాణంతో పెద్దగా పని లేదు. పిరాన్యా ఆ దారి పట్టింది. కోయలేని చేప మాత్రం తన నోటి కొలతను దాటి తినలేదు, అందుకే ఎర చేపలు కూడా ఆ కొలతను దాటడానికే ప్రయత్నిస్తాయి. కొన్ని జాతుల దేహం పళ్లెంలా ఎత్తుగా పెరగడం, కొన్ని జాతులు వాజాల ముళ్లను నిటారుగా నిలిపి బిగించుకోవడం ఈ ప్రయత్నంలో భాగాలే. గల్పర్ నోరు ఆ రక్షణల్లో చాలావాటిని పనికిరాకుండా చేస్తుంది. బిగించిన ముల్లు మాత్రం ఎంత పెద్ద నోటికైనా ప్రమాదమే. మింగడం సగంలో ఆగిపోతే ఎరతో పాటు వేటగాడు కూడా చస్తాడు. నోటినిండా ఎర అడ్డుపడి ఉన్నంతసేపు మొప్పలకు కొత్త నీరు సరిగా అందదు కనుక, తాపీగా మొదలైన ఈ పనిని గల్పర్ త్వరగానే ముగించుకోవాలి.

మింగడం పూర్తయ్యాక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ముందుగా నీరు. అంత పెద్ద నోరు తెరిచినప్పుడు ఎరతో పాటు చాలా నీరు కూడా లోపలికి పోతుంది, తరువాత దాన్ని బయటికి పంపేయాలి. ఆ తరువాత చోటు. ఇంత ఎరకు చోటెక్కడిది? మన పక్కటెముకలు ముందువైపు రొమ్ము ఎముకకు అతుక్కుని ఒక గట్టి పంజరంలా ఉంటాయి. చేపలకు ఆ రొమ్ము ఎముక ఉండదు, పక్కటెముకల కింది కొసలు దేనికీ అతుక్కోకుండా వదులుగా ఉంటాయి. పొట్ట కింద ఉండే కటి వాజాలను మోసే ఎముక కూడా వెన్నెముకకు బిగించి ఉండదు. అంటే పొట్ట అడుగు మొత్తం కండరమూ చర్మమూ తప్ప మరేమీ కాదు. దీనికి తోడు జెల్లచేపల చర్మానికి పొలుసుల కవచం లేదు. గల్పర్ విషయంలో ఆ చర్మం ఎంతగా సాగుతుందంటే, పెద్ద ఎరను మింగిన తరువాత పొట్ట గోడ పల్చబడి, మింగిన చేప ఆకారం బయటికే తెలుస్తుంది. జీర్ణాశయం ఖాళీగా ఉన్నప్పుడు ముడతలు పడి ఉంటుంది, నిండినప్పుడు ఆ ముడతలన్నీ విప్పుకుంటాయి. పొట్ట కంటే ఎర పొడవైతే అది లోపల వంగి, మడతపడి సర్దుకుంటుంది.

చోటు దొరికినంత మాత్రాన కష్టం తీరలేదు. నీటిలో చేప నిలకడ దాని బరువుకూ ఈతతిత్తిలోని (దేహం లోపల ఉండే గాలిసంచిలోని) గాలికీ మధ్య ఉన్న సమతూకం మీద ఆధారపడుతుంది. కడుపులో ఇంకో చేప చేరగానే ఆ సమతూకం చెదిరిపోతుంది, ఎందుకంటే మింగిన చేప తన ఈతతిత్తిలోని గాలితో సహా లోపలికి వచ్చింది. మరోవైపు గల్పర్ సొంత ఈతతిత్తి ఆ ఒత్తిడికి నలుగుతుంది. జెల్లచేపలకు ఈతతిత్తి నుంచి అన్నవాహికకు ఒక నాళం ఉంటుంది కనుక ఎక్కువైన గాలిని అవి వదిలేయగలవు, కానీ దేహం మొత్తానికి మారిపోయిన ఆకారాన్ని ఏమీ చేయలేవు. సన్నగా, నీటిని చీల్చుకుపోయేటట్టు ఉండవలసిన శరీరం ఇప్పుడు ముందుభాగంలో గుండ్రటి మూట. బరువంతా కిందికి, ముందుకు చేరింది. ఈదాలంటే తోక రెట్టింపు పని చేయాలి. పారిపోవలసిన అవసరం వస్తే పారిపోలేదు. కొండచిలువ కూడా తనకు మించినదాన్ని మింగుతుంది గాని, నేల దాని బరువు మోస్తుంది, కదలకుండా పడి ఉంటే సరిపోతుంది. నదిలో ప్రవాహం చేపను ఒకచోట పడి ఉండనివ్వదు. ఏదో ఒక చాటును వెతుక్కుని అందులో ఇరుక్కోవలసిందే.

ఆపై అసలు పందెం జీర్ణక్రియకూ కుళ్లుకూ మధ్య జరుగుతుంది. ముక్కలుగా కోసిన ఆహారానికి అన్నివైపులా జీర్ణరసాలు తగులుతాయి. మొత్తంగా మింగిన చేప విషయంలో అవి పొలుసులను, చర్మాన్ని దాటుకుని బయటినుంచి లోపలికి పొర తరువాత పొర కరిగించుకుంటూ పోవాలి. ఎర ఎంత పెద్దదైతే దాని బరువుతో పోల్చినప్పుడు బయటి వైశాల్యం అంత తక్కువ, కాబట్టి ఆలస్యం అంత ఎక్కువ. ఈలోగా మింగిన చేప పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు ఊరుకోవు, లోపలినుంచి అవి తమ పని తాము మొదలుపెడతాయి. ఉష్ణమండల నదుల వెచ్చని నీరు జీర్ణక్రియనూ వేగవంతం చేస్తుంది, కుళ్లునూ వేగవంతం చేస్తుంది. దేహం ఈ పందెంలో ఓడిపోతోందంటే చేపకు ఉన్న దారి ఒక్కటే, మింగినదాన్ని కక్కేయడం. ఈ జీర్ణక్రియకు ఆక్సిజన్ ఖర్చు కూడా ఉంది. భారీగా తిన్న తరువాత ఏ చేపకైనా ఆక్సిజన్ అవసరం గణనీయంగా పెరుగుతుంది, ఎందుకంటే ఆహారాన్ని విడగొట్టి దేహంలో కలుపుకోవడమే పెద్ద పని. వెచ్చని నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ మాత్రం చల్లని నీటిలో కంటే తక్కువ. ఉబ్బిన పొట్టతో కదలకుండా ఉన్న గల్పర్‌ను చూసి బద్ధకంగా పడుకుందని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పైకి కనిపించకపోయినా అది అప్పుడు తన శక్తినంతా వెచ్చిస్తోంది.

దక్షిణ అమెరికాలో పెద్ద నోరున్న జెల్లచేపలకు కొదవలేదు. రెండు మీటర్లు దాటి పెరిగే పిరాయిబా ఉంది, ఆక్వేరియం ప్రియులందరికీ తెలిసిన ఎర్రతోక జెల్ల ఉంది, తూర్పు బ్రెజిల్‌లోని సావో ఫ్రాన్సిస్కో నదిలో ఇసుక కింద దాగి నోరు పైకి పెట్టుకుని కాచుకునే లోఫియోసిలూరస్ అలెగ్జాండ్రి ఉంది. అవి నోటికి తగ్గ ఎరను పట్టి తింటాయి. ఎర కొలతను తన దేహం కొలతతో పోల్చి చూసినప్పుడు గల్పర్ వాటన్నిటినీ దాటిపోతుందని నా అభిప్రాయం.

గల్పర్ చెందిన ఔకెనిప్టెరిడే కుటుంబానికి ఉన్న ఇంకొన్ని విశేషాలను ఇక్కడే ముక్తసరిగా చెప్పేస్తాను. ఇవి పగటివేళ నీటమునిగిన దుంగల తొర్రల్లో, సందుల్లో దాగి రాత్రి బయటికి వస్తాయి. చాలా చేపలలో గుడ్లు నీటిలోకి వచ్చాకే ఫలదీకరణ జరుగుతుంది, ఈ కుటుంబంలో మాత్రం మగచేప తన వీర్యాన్ని ముందే ఆడచేప దేహంలోకి చేరుస్తుంది, అందుకు తగినట్టుగా మగచేప గుద వాజం మార్పు చెంది ఉంటుంది. ఈ కుటుంబపు చేపలకు తల వెనుక ఎముకల్లో పల్చని స్ప్రింగులాంటి ఏర్పాటు ఉండి, కండరాలు దాన్ని లాగినప్పుడు ఈతతిత్తి కంపించి శబ్దం పుడుతుంది. అదే ఈతతిత్తి చిన్న ఎముకల గొలుసు ద్వారా చెవికి కలిసి ఉంటుంది కనుక జెల్లచేపలకు వినికిడి కూడా చక్కగా ఉంటుంది.

ఇక పెంపకం గురించి. ఈ చేపను కొనవచ్చా అని అడిగేవారికి నా సమాధానం చాలావరకు వద్దనే. తోటి చేప తనకంటే పెద్దదైతే క్షేమం అన్న సూత్రం తక్కిన వేటచేపల విషయంలో కొంతవరకు పనిచేస్తుంది, ఇక్కడ పనిచేయదు. తనకంటే పొడవైన చేపను మింగబోయి గల్పర్ కూడా చచ్చే అవకాశం ఉంది. కనుక దీన్ని పెంచడమంటే ఒక పెద్ద తొట్టెను, మసక వెలుతురులో, పగలంతా దాక్కుని ఉండే ఒకే ఒక్క చేపకు కేటాయించడమే. చూసేవారి కోసం పెద్ద చేపను తొట్టెలో వదిలి కెమెరా పట్టుకోవడం నాకు ఏమాత్రం రుచించని పని. మింగగలదు కాబట్టి మింగించాలని ఏమీ లేదు. రొయ్యలు, వానపాములు, చేపమాంసం ముక్కలు చిన్న మొత్తాల్లో ఇస్తే ఈ చేప ఆరోగ్యం ఎంతో మెరుగ్గా ఉంటుంది. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను అదేపనిగా మేపితే రోగాలు రావడం ఒక సమస్య కాగా, ఆ చేపల మాంసంలో ఉండే ఎంజైము విటమిన్ బి1ను నాశనం చేయడం మరో సమస్య.

నీటి విషయంలో మాత్రం పెంపకందారులు ఒక రసాయన సూక్ష్మం తెలుసుకుని తీరాలి. ఈ చేప పుట్టిన నీరు ఆమ్లగుణం ఉన్నది, లవణాలు లేనిది. తొట్టెలో అటువంటి నీరు ఏర్పాటు చేసినప్పుడు, చేప వ్యర్థాల్లోని అమ్మోనియాను ఫిల్టరులో నైట్రేటుగా మార్చే బాక్టీరియా అంత ఆమ్లంలో మందగిస్తాయి. భారీ భోజనం, మందగించిన ఫిల్టరు కలిస్తే వ్యర్థాలు పేరుకుపోతాయి. పీహెచ్ తక్కువగా ఉన్నంతకాలం అవి ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో, అంటే తక్కువ విషపూరితమైన రూపంలో ఉంటాయి కనుక చేప మామూలుగానే కనిపిస్తుంది. ఆ దశలో ఎవరైనా మంచి ఉద్దేశంతోనే క్షారగుణం ఉన్న కొత్తనీటిని ఒకేసారి సగం తొట్టె పోస్తే పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. కాబట్టి పాతనీటికి దగ్గరి గుణాలున్న నీటిని కొద్దికొద్దిగా, తరచుగా మార్చడమే సరైన పద్ధతి. పొట్ట పూర్తిగా మామూలు స్థితికి వచ్చేవరకు మళ్లీ ఆహారం వేయకూడదు, పొట్ట నిండి ఉన్నప్పుడు వలతో పట్టి మరో తొట్టెకు మార్చకూడదు. ఒకవేళ కక్కిందంటే, ఏ వేళలోనైనా సరే, ఆ సగం అరిగిన మాంసాన్ని వెంటనే బయటికి తీసేసి అమ్మోనియా కొలిచి చూడాలి.